బండి మారిన చోట

తాయ్‌లాండ్ యాత్ర మీద నేను రాసిన వ్యాసానికి రెండే రెండు విమర్శలు వచ్చాయి. మొదటిది ఒక స్నేహితుడిది. 'బావుంది, ఫొటోలు ఇంకొన్ని పెట్టాల్సింది' అన్నాడు. రెండోది జవహర్‌నగర్‌లో మా సందు చివర షెడ్డు పెట్టుకున్న మెకానిక్ అన్నది. ఆయన చదవలేదు, విన్నాడు. నా బండికి చెయిన్ స్ప్రాకెట్ మారుస్తుంటే పక్కన స్టూలు మీద కూచుని నేనే ఫోన్‌లో చూసి చదివి వినిపించాను. నాచారం నుంచి ఉప్పల్ వైపు పోయే బండ్ల రొదలో ఎంత వినపడిందో తెలీదు. అయిపోయాక ఫోన్ తీసుకుని ఫొటోలు ఒక్కొక్కటే పెద్దవి చేసి చూశాడు.

"మంచిగనే ఉంది తమ్మీ. గానీ ఈ ఆఖరి ఫొటోల హ్యాండిల్‌కు క్లచ్ లేదేంది? నడుమల బండి మారిందా?"

మారింది. ఆ సంగతి వ్యాసంలో ఎక్కడా లేదు.

"మారిందన్నా. ఒకాయన తన బండి ఇచ్చిండు."

"ఆయన పేరేంది?"

"తెల్వదు."

"ఎన్ని దినాలు తిప్పినవ్?"

"పదహారు."

ఆయన ఇంకేం అనలేదు. ఫోన్ నా చేతికిచ్చి, బనియన్ వేస్ట్‌తో చేతులు తుడుచుకుని మళ్ళీ చెయిన్ దగ్గర కూచున్నాడు. వ్యాసాలు రాస్తున్న ఇన్నేళ్ళలో నా రాత మీద ఇంత దగ్గరగా చదివి చెప్పిన మాట ఇంకొకటి లేదు. ఈ వ్యాసం ఆ మాటకి జవాబు వెతుక్కోవడం. మోటార్‌సైకిల్ యాత్రల పుస్తకాల్లో బండి మారిన చోట ఏం జరుగుతుంది, రాసేవాడు అక్కడ ఏం చెబుతాడు, ఏం దాస్తాడు అని ఇంటికెళ్ళి నా అరలో ఉన్నవన్నీ మళ్ళీ తిరగేశాను.

*

ముందు ఎర్నెస్టో గువేరా. చే అనే పేరు ఇంకా రాని మనిషి. వైద్య విద్యార్థి. 1952 జనవరిలో స్నేహితుడు అల్బెర్తో గ్రనాదోతో కలిసి 500 సీసీ నార్టన్ మీద బ్వేనోస్ ఎయిరెస్ నుంచి బయల్దేరాడు. బండి పేరు లా పొదెరోసా 2. పొదెరోసా అంటే బలశాలి. పేరే పెద్ద జోకు. పడుతూ లేస్తూ, వైర్లతో కట్టించుకుంటూ చిలీ దాకా వచ్చి అక్కడ చతికిలబడింది. లారీలో శాంటియాగో దాకా తెచ్చి దాన్ని అక్కడ వదిలేశారు. మిగతా దక్షిణ అమెరికా అంతా లారీలు, ఓడలు, తెప్ప, నడక.

అంటే 'మోటార్‌సైకిల్ డైరీస్' అనే పుస్తకంలో మోటార్‌సైకిల్ మొదటి భాగంలోనే అయిపోతుంది. 2004లో వాల్టర్ సాలెస్ తీసిన సినిమా పోస్టర్ చూసి పుస్తకం పట్టుకున్నవాళ్ళకి ఇది చిన్న మోసంలా అనిపిస్తుంది. నాకూ మొదటిసారి అలాగే అనిపించింది. ఈసారి చదివితే, పుస్తకం అసలు మొదలయ్యేది బండి పోయాకే అనిపించింది. బండి ఉన్నంతకాలం దారిలో తమకో హోదా ఉండేదని, జనం ఆగి చూసేవాళ్ళని, జాలిపడో ముచ్చటపడో అన్నం పెట్టేవాళ్ళని గువేరా ఒప్పుకుంటాడు. అది పోయాక వట్టి దిమ్మరులం అయిపోయామంటాడు. ఆ ఒప్పుకోలు తర్వాత గొంతు మారుతుంది. కోతి చేష్టలు తగ్గుతాయి. చుకికమాతా రాగి గనికి వెళ్ళే దారిలో, ఎముకలు కొరికే చలి రాత్రి, ఒక కమ్యూనిస్టు కార్మికుడూ అతని భార్యా కలుస్తారు. అతను అప్పుడే జైలు నుంచి వచ్చాడు. కప్పుకోవడానికి వాళ్ళకి ఒక్క దుప్పటి కూడా లేదు. తమ దగ్గరున్న వాటిలో ఒకటి వాళ్ళకిచ్చి, మిగిలిన దాంట్లో తామిద్దరూ ముడుచుకుంటారు. బండి బాగుండి ఉంటే ఆ రాత్రి వీళ్ళు అక్కడ ఆగేవాళ్ళా? పుస్తకం ఆ ప్రశ్న వేయదు. కానీ బండి ఎక్కడ చచ్చిందో, ఎలా చచ్చిందో దాచకుండా రాసింది కాబట్టే మనకి ఆ ప్రశ్న వస్తుంది.

*

రెండోది పుస్తకంగానూ, టీవీ సిరీస్‌గానూ వచ్చిన 'లాంగ్ వే రౌండ్'. 2004లో నటుడు యువాన్ మెక్‌గ్రెగర్, అతని స్నేహితుడు చార్లీ బూర్మన్ లండన్ నుంచి న్యూయార్క్‌కి తూర్పు దిక్కుగా వెళ్ళారు. మొదట అనుకున్న కంపెనీ వెనక్కి తగ్గితే బీఎండబ్ల్యూలు వచ్చాయి. కొండల్లాంటి బండ్లు. వెంట కెమెరా పట్టుకుని మూడో బండి మీద క్లాడియో వాన్ ప్లాంటా. మంగోలియా బురదలో అతని బండి ఫ్రేమ్ విరిగింది. వెల్డింగ్ చేయించినా తేరుకోలేదు. దాన్ని లారీలో పంపేసి, అతని కోసం అక్కడే ఒక ఎర్ర ఇజ్ ప్లానెటా కొన్నారు. రష్యాలో ఇజెవ్‌స్క్ ఊళ్ళో తయారైన టూ స్ట్రోక్ బండి, 350 సీసీ. మన పాత యెజ్డీలు చూసినవాళ్ళకి చుట్టరికం తెలిసిపోతుంది.

సిరీస్ ఆ బండిని ఒక హాస్యపాత్రలా చూపిస్తుంది. మహాబండ్ల మధ్య బక్క బండి, దాని మీద పొడుగు మనిషి. నవ్వొస్తుంది నిజమే. కానీ అదే బురదలో రెండు పెద్ద బండ్లూ పడి లేస్తుంటే, ఆ బక్కది తేలిగ్గా ఈదుకుంటూ పోవడం కెమెరాకి చిక్కింది. చెడిపోతే బాగుచేసేవాళ్ళు కూడా ఆ మైదానంలోనే ఉన్నారు, ఎందుకంటే అది వాళ్ళ బండి. గొర్రెలు కాసే మనిషికి దాని కార్బ్యురేటర్ తెలుసు. ఆ పెద్ద బండ్ల ఎలక్ట్రానిక్స్ మైదానంలో ఎవరికీ తెలియవు.

ఇక్కడే నాకు ఈ సిరీస్‌తో పేచీ. దాని దగ్గర ఒక గొప్ప విషయం ఉంది: యాత్రకి సరైన బండి అంటే ఆ ఊళ్ళో బాగుచేయగలిగే బండి. ఆ విషయం మీదుగా వెళ్ళింది గానీ అక్కడ దిగలేదు. నవ్వి ముందుకు పోయింది. క్లాడియో తన బండి మళ్ళీ ఎక్కాక ప్లానెటా గురించి తలుచుకునే తీరిక ఎవరికీ లేదు. బండి మారినప్పుడు మనుషులు ఒక్క క్షణం దగ్గరికొచ్చి, బండి బాగవగానే మళ్ళీ దూరమయ్యారు.

*

దీనికి మూలం ఇంకా వెనక ఉందేమో. రాబర్ట్ పిర్సిగ్ 1974లో ప్రచురించిన 'జెన్ అండ్ ది ఆర్ట్ ఆఫ్ మోటార్‌సైకిల్ మెయింటెనెన్స్' మనలో చాలామంది ఇరవై ఏళ్ళ వయసులో చదివి, సగంలో ఆపి, ముప్పైకి మళ్ళీ మొదలుపెట్టిన పుస్తకం. అందులో ఒక రిపేరు షాపు ఉంటుంది. రేడియో మోగుతుంటుంది, కుర్రాళ్ళు సుత్తితో కొట్టి బండి పాడుచేస్తారు. పని మీద మనసు లేని మనుషులు. అది చూసి కథకుడు తన బండి తానే చూసుకోవాలని తేల్చుకుంటాడు. శ్రద్ధ గురించి ఆ పుస్తకం చెప్పింది నేను కాదనను. కానీ బండిమీద తిరిగే రచయితలకి అది ఒక అలవాటు నేర్పిపెట్టింది: ఒక మనిషి, ఒక బండి, ఒక పానా. మెకానిక్ అంటే అడ్డం. వాడి మీద ఆధారపడితే ఓడిపోయినట్టు.

జవహర్‌నగర్‌లో పెరిగినవాడికి ఆ బొమ్మ కుదరదు. ఇక్కడ బండి షెడ్డులో ఉంటే మెకానిక్ తన బండి ఇస్తాడు, 'రేపటి దాంక ఇది తిప్పు' అని. నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో షిఫ్టు దిగినవాడి బండి మీద షిఫ్టెక్కేవాడి తమ్ముడు కాలేజీకి పోతాడు. మా ఇంట్లో కాలాన్ని బండ్లతోనే లెక్కపెడతారు. సెకండ్‌హ్యాండ్ చేతక్ ఉన్నప్పుడు నేను పుట్టాను. అది అమ్మి స్ప్లెండర్ కొన్న ఏడు చెల్లి. మా నాన్న ఆ మార్పు కథ చెబితే అందులో ఇంజను గురించి రెండు ముక్కలుంటే, మనుషుల గురించి ఇరవై ఉంటాయి. లోన్‌కి ష్యూరిటీ సంతకం ఎవరు పెట్టారు, చేతక్ కొన్నవాడు ఆఖరి 500 ఎన్నాళ్ళు తిప్పాడు, కొత్త బండికి నిమ్మకాయ కట్టమని ఎవరన్నారు. బండి మారడం అంటే మా ఇంట్లో ఎవరో ఒకరు సాయపడడం.

ఇంత తెలిసి కూడా నేను రాసినప్పుడు మా నాన్నలా రాయలేదు. పిర్సిగ్‌కి ఏకలవ్య శిష్యుడిలా రాశాను.

*

మన యాత్రా సాహిత్యం ఇలా మొదలు కాలేదు. ఏనుగుల వీరాస్వామి 1830 మే నెలలో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరి పదిహేను నెలలకి పైగా తిరిగాడు. 1838లో అచ్చయిన 'కాశీయాత్ర చరిత్ర'లో ఆయన వాహనం పల్లకి. పల్లకీకి అలుపు రాదు, బోయీలకి వస్తుంది. మోసేవాళ్ళ కూలి, వాళ్ళ తిండి, మజిలీలో దొరికే సరుకులు, ఎక్కడ ఏ దారి మంచిది, ఇవన్నీ రాయకపోతే ఆ యాత్ర లేదు. గంగ దగ్గర పల్లకి కాస్తా పడవ అవుతుంది, అప్పుడు పడవవాళ్ళు వస్తారు. వీరాస్వామి సమానత్వవాదేం కాదు. సుప్రీంకోర్టు దుబాసీ, పెద్దమనిషి, వంద మందిని వెంటబెట్టుకున్న యజమాని. మోసేవాళ్ళని యజమాని కళ్ళతోనే చూశాడు. కానీ చూశాడు. ఆయన వాహనంలో మనుషులుండడం వల్ల చూడక తప్పలేదు. ఇంజను వచ్చాక మనకి ఆ అవసరం తప్పింది. మోసేవాళ్ళు షెడ్డుల్లోకి వెళ్ళిపోయారు, బండి ఆగినప్పుడు మాత్రమే కనిపిస్తారు.

ఇంకో పాఠం నవల్లోంచి. మొక్కపాటి నరసింహశాస్త్రి పార్వతీశం ఇంగ్లండు ప్రయాణంలో మద్రాసులో టోపీ కొంటాడు. అది ఆడవాళ్ళ టోపీ అని తర్వాత తెలుస్తుంది. తన అవమానాన్ని తనే చెప్పుకుని మనల్ని నవ్విస్తాడు. వందేళ్ళుగా తెలుగువాళ్ళు అతన్ని ప్రేమిస్తున్నది అందుకే. నేనైతే ఆ టోపీ ఫొటోలోంచి కత్తిరించేసి ఉండేవాణ్ణి.

2018లో తెలంగాణ నుంచి నలుగురు మహిళలు బజాజ్ డామినార్‌ల మీద మయన్మార్, తాయ్‌లాండ్, లావోస్, కంబోడియా, వియత్నాం దాకా 17,000 కిలోమీటర్లు వెళ్ళొచ్చారు. వాళ్ళలో పియా బహదూర్ 'రోడ్ టు మెకాంగ్' అని ఇంగ్లీషులో పుస్తకం రాసింది. ఆ దారుల్లోనే తిరిగొచ్చిన మనలాంటి తెలుగు కుర్రాళ్ళం ఎంతమందిమో. తెలుగులో మనం రాసింది ఎక్కువగా ఫొటోల కింద రెండు లైన్లు. నేను కాస్త పొడుగ్గా రాశాను. అందులోనూ అబద్ధం ఉంది.

*

అసలు జరిగింది ఇది. చియాంగ్ మాయ్‌లో ఒక పెద్ద బండి అద్దెకి తీసుకున్నాను. ఎత్తు, డబ్బాలు, అన్నీ ఉన్న బండి. ఆరో రోజు మే సరియాంగ్ నుంచి ఉత్తరంగా ఘాట్ ఎక్కుతుండగా క్లచ్ కాలిపోయింది. బండి తప్పేం లేదు. మలుపు మలుపుకీ హాఫ్ క్లచ్‌లో లాగింది నేనే. ఖున్ యువాం అనే చిన్న ఊళ్ళో ఒక షెడ్డు దాకా ఎవరో పికప్‌లో ఎక్కించి దింపారు. మెకానిక్ విప్పి, నల్లగా అయిన ప్లేట్లు బయటపెట్టి, వాసన చూడమని నా ముక్కు దగ్గర పెట్టాడు. నవ్వాడు. నేను నవ్వలేదు. బండి యజమానులు ఫోన్‌లో, సామాను రావడానికి టైం పడుతుంది, మేమే వచ్చి తీసుకెళ్తాం అన్నారు.

రెండు రోజులు ఆ ఊళ్ళో ఉండిపోయాను. మూడో రోజు పొద్దున ఆ మెకానిక్ తన హోండా వేవ్ బయటికి తీసి తాళంచెవి నా చేతిలో పెట్టాడు. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు. అద్దె కింద నేను కాగితం మీద ఒక అంకె రాసిస్తే, దాన్ని కొట్టేసి సగం రాశాడు. పాస్‌పోర్ట్ అడగలేదు. ఫోన్‌లో ఫొటో ఒకటి తీసుకున్నాడు, నాదీ బండిదీ కలిపి. పదహారు రోజులు ఆ బండి మీద నాన్ దాకా వెళ్ళి, కొండలన్నీ చుట్టి, తిరిగొచ్చి ఇచ్చేశాను.

ఆ పదహారు రోజులే నా యాత్ర. పెద్ద బండి మీద ఉన్నప్పుడు పెట్రోల్ బంకుల్లో కుర్రాళ్ళు చుట్టూ మూగేవాళ్ళు, ఎన్ని సీసీ అని సైగలతో అడిగేవాళ్ళు. నా వంక కాదు, బండి వంక చూసేవాళ్ళు. వేవ్ మీద నన్నెవరూ చూడలేదు. అక్కడ అందరి దగ్గరా అదే ఉంది. ఒక సంతలో ఒకావిడ వచ్చి కూరగాయల సంచి నా ముందు బుట్టలో పెట్టేసి ఏదో చెప్పింది. నన్ను ఇంకెవరో అనుకుంది. తెలిశాక ఇద్దరం నవ్వుకున్నాం. ఊరు నన్ను కలిపేసుకున్న ఆ ఒక్క నిమిషం వ్యాసంలో లేదు. ఎందుకంటే బండి గురించి చెప్పకుండా ఆ నిమిషం గురించి చెప్పలేను. బండి గురించి చెబితే కాలిన క్లచ్ గురించి చెప్పాలి. కాలిన క్లచ్ గురించి చెబితే, వ్యాసంలో కొండలెక్కిన ఆ మొనగాడు నేను కాదని తేలిపోతుంది. అందుకని ఇరవై నాలుగు రోజుల్నీ ఒకే బండి మీద నడిపించేశాను. పేరు కూడా రాయకుండా 'నా బండి' అన్నాను. ఆ ఫొటో ఎలా మిగిలిపోయిందో.

*

దీనికి ఎదురు వాదన ఉంది, నేనే చాలాసార్లు చేశాను. యాత్రా రచన సర్వీస్ రికార్డు కాదు. ప్రతి పంక్చరూ రాస్తే ఎవడు చదువుతాడు? కథకి ఒక ఊపు కావాలి, బండి ఒకటే అయితే ఆ ఊపు దెబ్బతినదు. నిజమే, వదిలేయడం రచయిత హక్కు. డచ్ భూగర్భ శాస్త్రవేత్త నొరాలీ తన వీడియోల్లో మన దేశంలో కొన్న హిమాలయన్‌కి బసంతి అని, తర్వాత దక్షిణ అమెరికాలో నడిపిన దానికి ధన్నో అని పేర్లు పెట్టుకుంది. 'షోలే'లో టాంగా నడిపే పిల్ల, ఆమె గుర్రం. బండి మారినప్పుడు పేరు మారింది, చూసేవాళ్ళకి తెలిసింది. కథకేం నష్టం రాలేదు. నేను వదిలేసింది పంక్చర్ లాంటిదైతే సరే. నేను వదిలేసింది ఒక మనిషిని.

ఈ విషయంలో నాకు గురువుగా నిలిచిన పుస్తకాలు టెడ్ సైమన్‌వి. 1973 అక్టోబరులో ట్రయంఫ్ టైగర్ మీద లండన్ నుంచి బయల్దేరి నాలుగేళ్ళు, 45 దేశాలు తిరిగాడు. 'జూపిటర్స్ ట్రావెల్స్' 1979లో వచ్చింది. ఆ పేరు ఇండియాలో ఒక జ్యోతిష్కుడి మాట వల్ల వచ్చిందే. దారిలో వచ్చే ఆటంకాలే ప్రయాణం అని ఆయన నమ్మకం. 2001లో, 69 ఏళ్ళ వయసులో అదే దారిన మళ్ళీ వెళ్ళాడు. ఈసారి బీఎండబ్ల్యూ. కెన్యాలో కాలు విరిగినా ఆగలేదు. ఆ రెండో పుస్తకం, 'డ్రీమింగ్ ఆఫ్ జూపిటర్', మొదటిదానంత వెలుగున్న పుస్తకం కాదు. దిగులు ఎక్కువ, పోల్చుకోవడం ఎక్కువ. రోడ్లు మారాయి, ఊళ్ళు కిక్కిరిశాయి, బండి నమ్మకస్తురాలైంది. అయినా ఈసారి నాకు అదే ఎక్కువ నచ్చింది. ఆయన వెళ్ళింది పాత దారి చూడ్డానికే కాదు, పాతికేళ్ళ కింద తనకి సాయపడ్డవాళ్ళని వెతకడానికి కూడా. మొదటిసారి వాళ్ళని పుస్తకంలో పెట్టుకున్నాడు కాబట్టి వెతకడానికి ఎవరో ఒకరున్నారు. పాత ట్రయంఫ్ ఇప్పుడు కొవెంట్రీ మ్యూజియంలో ఉంది. బండిని మ్యూజియం దాచిపెట్టింది, మనుషుల్ని పుస్తకం.

నేను రేపు ఖున్ యువాం వెళ్తే ఎవర్ని అడగాలి? షెడ్డు ముందు తాయ్ లిపిలో బోర్డు ఉంది, దాని ఫొటో నా దగ్గర లేదు. ఆయన దగ్గర మాత్రం నా ఫొటో ఉంది.

*

ఆ పాత వ్యాసం ఇప్పుడు దిద్దుతున్నాను. క్లచ్ కాల్చింది నేనేనని ఒక వాక్యం. వేవ్ గురించి నాలుగు పేరాలు. సంచి పెట్టిన ఆవిడ. కాగితం మీద కొట్టేసిన అంకె. పేరు రావాల్సిన చోట ఖాళీగా వదిలేసి, 'అడగలేదు' అని రాశాను.

దిద్దింది మొన్న ఆదివారం మళ్ళీ షెడ్డుకి తీసుకెళ్ళి చదివాను. ఈసారి పని ఆపి విన్నాడు. సంచి దగ్గర నవ్వాడు. అయిపోయాక కాసేపు ఆగి అడిగాడు.

"మరి నీకు బండి ఇచ్చి, ఆ పదహారు దినాలు ఆయన దేని మీద తిరిగిండు తమ్మీ?"

దాని గురించి కూడా నేను అడగలేదు. ఇప్పుడు అది కూడా వ్యాసంలో ఉంది.